కొండదారిలో చక్రముల జాడ

ధ్యాన భాగము: సంఖ్యాకాండము 20:17–19, యాకోబు 5:4



గత వర్షాకాలమున మన సంఘ యౌవనస్థులతో నేను చింతపల్లి కొండలలోని యొక పల్లెకు ప్రార్థన కూటమునకై వెళ్లితిని. నర్సీపట్నము దాటి ఘాట్ రోడ్డు ఎక్కి, పిమ్మట దానిని విడిచి, పూర్వము కలప బండ్లు దిగిన అడవిదారిని జీపు పట్టినది. రాళ్లు, వాగులు, బురద. ప్రతి కుదుపునకు పిల్లలు కేరింతలు కొట్టిరి, నేనును సంతోషించితిని. ఒకచోట చక్రములు దిగబడగా, డ్రైవరు జీపును ప్రక్కనున్న సామచేనిలోనికి త్రిప్పి, పైరు త్రొక్కించి బయటపడెను. "చిన్న సంగతి లెండి, అయ్యగారూ" అనెను. నేను ఊరకుంటిని.

ఆ రాత్రి మోకాళ్లూనితిని గాని ప్రార్థన రాలేదు. మేమెక్కి వచ్చిన దారి జ్ఞాపకము వచ్చినది. 1882 మద్రాసు అటవీ చట్టము పోడు వ్యవసాయమునకు అడ్డుకట్ట వేసినది. తరువాత నర్సీపట్నము నుండి చింతపల్లికి దారి వేయునప్పుడు, గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ కొండవారిచేత బలవంతముగా పని చేయించి, న్యాయమైన కూలి ఇయ్యలేదు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు అనుచరులతో చింతపల్లి ఠాణాపై పడుటకు ఆ కడుపుమంట యొక కారణము. బిగబట్టిన కూలి దేవుని చెవిని మొరపెట్టునని యాకోబు వ్రాసెను గదా!

అట్లయిన ఆ దారిని వెళ్లుట పాపమా? కాదు. తండ్రి దోషమును కుమారుడు మోయడని యెహెజ్కేలు బోధించెను. మన ఏటికొప్పాక లక్కబొమ్మలకు అంకుడు కర్రను అడవియే ఇచ్చుచున్నది. దానితో మనకు పొత్తు తప్పదు. అయితే ఒకరి చెమటతో పడిన దారిని వినోదముగా వెళ్లుచు, వారి మనుమల చేనును త్రొక్కువాడు ఆ పాత అప్పును తన పేర వ్రాయించుకొనుచున్నాడు.

మోషే ఎదోము రాజునొద్దకు పంపిన మనవి చూడుడి: పొలములలో అడుగుపెట్టము, త్రాగిన నీళ్లకు వెల ఇత్తుము. దేవుని ప్రజలైనను అడిగియే దాట గోరిరి. రాజు కాదనగా వేరు త్రోవను పోయిరి.

తెల్లవారిన పిమ్మట నేను నడిచి వెళ్లి, ఆ చేను గల ముసలమ్మను క్షమాపణ వేడి, నష్టమునకు సొమ్ము ఇచ్చితిని. ఆమె పుచ్చుకొని, "దిగి అడిగుంటే మేమే తోసీవోళ్లం గదా, బాబూ" అనెను.

నేను దిగలేదు, అదియే నా దోషము. సహోదరులారా, పరుల నేలపై వెళ్లునప్పుడు ముందు దిగి అడుగు మనస్సును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.