అసలు సరుకు, అసలు సంగతి

నకిలీ సరుకు చెడ్డదని అందరూ ఒప్పుకుంటారు. ఎందుచేత చెడ్డదని అడిగితే, కొన్నవాడు మోసపోతాడు గనక అంటారు. ఇది సబబైన జవాబే. కాని ఒక సరుకు వెనక మోసపోయేవాడు కొన్నవాడొక్కడేనా?

ఐరోపాలోని విలాస వస్తువుల కంపెనీలు నకిలీలను పట్టుకోవటానికి తెచ్చిన కొత్త సాధనాలను చూస్తే ఈ ప్రశ్న వేయక తప్పదు. 2021లో ఎల్‌వీఎంహెచ్, ప్రాడా, కార్టియే కలిసి ‘ఆరా’ అనే కూటమి పెట్టాయి. అది బ్లాక్‌చెయిన్ పద్ధతి మీద నడుస్తుంది. అంటే, ఒకే ఖాతా పుస్తకానికి ప్రతులు అనేక కంప్యూటర్లలో ఉంటాయి. ఒకసారి రాసిన పద్దును గుట్టుగా దిద్దటం ఎవరి తరమూ కాదు. ఒక హ్యాండ్‌బ్యాగుకు ఒక గుర్తింపు సంఖ్య ఇచ్చి, అది ఏ కంపెనీదో, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో అందులో నమోదు చేస్తారు. కొన్నవాడు తన ఫోనులో చూసుకుని నిశ్చింతగా ఉండవచ్చు.

మంచిదే. అయితే ఈ ఖాతా ఒక్క విషయానికే పూచీ పడుతుంది: రాసినది మారలేదని. రాయనిదాని సంగతి దానికి తెలియదు. ఏది రాయాలో నిర్ణయించేవాడు అమ్మేవాడే.

2024 జూన్‌లో మిలాన్ న్యాయస్థానం, డియోర్ బ్యాగులు తయారుచేయించే ఇటలీ కంపెనీని తన పర్యవేక్షణ కింద పెట్టింది. డియోర్ ఎల్‌వీఎంహెచ్‌కు చెందినదే. కాంట్రాక్టు మీద బ్యాగులు కుట్టిన చిన్న కార్ఖానాల్లో పనివాళ్లు అక్కడే పడుకునేవాళ్లనీ, పని త్వరగా సాగటానికి యంత్రాలకుండే రక్షణ సాధనాలు తీసేశారనీ దర్యాప్తు పత్రాలు తెలిపాయి. దుకాణంలో సుమారు 2,600 యూరోలకు అమ్మే ఒక బ్యాగుకు కాంట్రాక్టరుకు ముట్టినది 53 యూరోలట. తోలు ఖరీదు ఇందులో చేరలేదు. కాని పనివాళ్ల కూలీ, కాంట్రాక్టరు లాభమూ ఇందులోనే రావాలి. తనిఖీలు కట్టుదిట్టం చేశాక, 2025 ఫిబ్రవరిలో న్యాయస్థానం ఆ పర్యవేక్షణ ఎత్తివేసింది.

ఆ బ్యాగులు నకిలీవి కావు. ఏ యంత్రంతో పరీక్షించినా అవి అసలువే!

యంత్రాన్ని తిట్టటం మన పని కాదు. ఆ కార్ఖానాల్లో రాత్రింబవళ్లు, సెలవురోజుల్లో సైతం పని జరిగిందని బయటపెట్టినవి కరెంటు వాడకం లెక్కలే. అదీ ఒక సాధనమే. ఒక సాధనం కొనేవాడి డబ్బుకు కాపలా కాస్తున్నది. మరొకటి పనివాడి నిద్ర ఎక్కడికి పోయిందో చెప్పింది. సాధనాన్ని ఎవరు ఏమి అడిగారన్నదే ముఖ్యం.

అలాగని నకిలీలు చేసేవాణ్ణి పేదల పక్షంవాడని మెచ్చుకోనక్కర్లేదు. వాడి చాటుమాటు గదుల్లో కుట్టేదీ కూలివాళ్లే.

సరుకు తాలూకు మాయ మనుషుల మధ్య సంబంధాలను కప్పేస్తుందని మార్క్స్ 1867లోనే విడమరిచి చెప్పాడు. ఇప్పుడు ఆ మాయకు ధ్రువపత్రం కూడా దొరుకుతున్నది. బ్యాగు సంఖ్యను నమోదు చేయగలిగినవాళ్లు, దాన్ని కుట్టిన మనిషి చేసిన గంటలనూ, పుచ్చుకున్న కూలినీ నమోదు చేయలేరా? అయితే ఆ పద్దు యజమాని ఒక్కడే రాస్తే చాలదు. పనివాడూ, అతని సంఘమూ సరిచూడాలి. అంతవరకూ ‘ఇది అసలుదేనా?’ అన్న ప్రశ్నకు కంపెనీ చెప్పేది సగం జవాబే.