బొమ్మ మాట్లాడితే

దసరా వచ్చిందంటే మన ఇళ్ళలో బొమ్మల కొలువు పెడతాం. ఇక్కడి ఎలిమెంటరీ స్కూళ్ళలో ఇంకో రకం కొలువు ఉంది. పిల్లలు చరిత్రలోని గొప్పవారి వేషాలు వేసుకుని మైనపు బొమ్మల్లా కదలకుండా నిలబడతారు. ముందున్న కాగితం బటన్ నొక్కితే బొమ్మ "నేను ఫలానా" అంటూ ఒక నిమిషం మాట్లాడుతుంది.

నాలుగో తరగతి చదివే మా అబ్బాయి డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు గారిని ఎంచుకున్నాడు. గుంటూరులో వైద్యం చదివి వచ్చినవాళ్ళం కదా, పొంగిపోయాం. 1895లో భీమవరంలో పుట్టి, 1923లో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో ఏటీపీ మీద పని చేసిన మనిషి. ఆయన ల్యాబ్ నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్‌ను మేము ఈనాటికీ కీళ్ళవాతానికి రాస్తున్నాం.

వాడు చదువుతూ చదువుతూ ఆగి అడిగాడు. "నాన్నా, ఆయన భార్యను అక్కడే వదిలి వచ్చాడట. 1948లో చనిపోయేదాకా మళ్ళీ ఇండియా వెళ్ళలేదట. ఆయన వచ్చేశాక పుట్టిన బాబు కూడా పసితనంలోనే పోయాడట. ఇది చెప్పాలా?"

"వద్దులేరా" అన్నాం. లింకన్లు, ఐన్‌స్టీన్లు ఉన్న వరుసలో మన తెలుగాయన ఒక్కడే. ఇంటి గుట్టు వీధిలో పెట్టడమెందుకు అనుకున్నాం.

ఆ రాత్రి ఫోన్లో గుంటూరులో ఉన్న అమ్మకు చెబితే, "చెప్పనీరా. ఆవిడా మనిషే కదా!" అంది.

ఆ మాట మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. పక్క పిల్లవాడు జెఫర్సన్ వేషం వేసి 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటన గురించి మాత్రమే చెప్పి, ఆయన జీవితకాలంలో 600 మందికి పైగా బానిసలను ఉంచుకున్నాడన్నది మింగేస్తే మనకు వెలితిగా ఉండదూ? మరి మనవాడికి వేరే తూకమా? భారతం ధర్మరాజు తప్పును దాచలేదు. ఆయన సగం మాట పైకి, సగం మాట లోలోపల అన్నప్పుడు, నేలకు నాలుగు అంగుళాల పైన నడిచే రథం కిందికి దిగిందని చెప్పింది. అయినా ఆయన మనకు ధర్మరాజే.

"నేను" అని ఇంకొకరి తరఫున మాట్లాడటం చిన్న పని కాదు. ఆ మనిషి కీర్తి మాత్రం తీసుకుని, ఆ మనిషి బాకీలు వదిలేస్తే అది వేషమే కాదు. అలాగని తెలియని కారణాలు కల్పించి తీర్పు చెప్పే హక్కూ మనకు లేదు.

వాడు మా పాత తెల్లకోటు వేసుకుని, మందుల గురించి చెప్పి, చివర "నేను మళ్ళీ మా ఇంటికి వెళ్ళలేదు. నా భార్య అక్కడే ఉండిపోయింది" అన్నాడు. "ఎందుకు?" అని ఒకావిడ అడిగింది. "అది నాకు తెలియదండీ" అన్నాడు. ఆవిడ వాడి తల నిమిరి వెళ్ళింది.

మేము మాత్రం అక్కడే నిలబడిపోయాం. రేపు మన పిల్లలెవరైనా మన వేషం వేసి నిలబడితే, గుంటూరులో ఫోన్ పక్కన కూర్చున్న అమ్మ గురించి ఏం చెబుతారు? ఆ నిమిషంలో ఏముండాలన్నది ఇంకా మన చేతిలోనే ఉంది. ఈ డిసెంబరుకు టికెట్లు కొన్నాం.