పంజరంలో రామనామం



ధనుర్మాస ప్రవచనం అయ్యాక ఒక అమ్మగారు నన్ను అడిగారు. "గురువుగారూ, మా ఇంట్లో రామచిలుక నాలుగేళ్లుగా రామ రామ అంటోంది. అలాంటి పక్షిని పెంచుకుంటే పాపమెలా అవుతుందండీ?" అప్పుడు సమయం చాలలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

చట్టం మాట ముందు చెప్పేస్తాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకను పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో పెంచుకోవడం అన్నీ నేరమే. పైగా 2018 నుంచి అది మన రాష్ట్ర పక్షి.

ఇక ధర్మం. భద్రాచల రామదాసు గారు గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు ఎందుకున్నారు? పూర్వజన్మలో ఒక చిలుకను పన్నెండేళ్లు పంజరంలో పెట్టారు కనుక అని మన పెద్దలు చెబుతారు. ఇది చరిత్ర కాదు, భక్తుల నోట నిలిచిన కథ. కానీ చూడండి, రాముడికి గుడి కట్టించిన వాడికి కూడా ఆ లెక్కలో ఒక్క రోజు తగ్గలేదు!

ఆ చిలుక మీ ఇంటికి ఎలా వచ్చింది? కాలువ గట్టున మొండి తాటిచెట్టు తొర్రలోంచి, రెక్కలు రాకముందే ఎవరో చెయ్యి పెట్టి తీశారు. బుట్టలో కుక్కితే దారిలోనే కొన్ని చచ్చిపోతాయి. బతికినదాని ఈకలు కత్తిరించి అమ్ముతారు. తల్లి చిలుక ఖాళీ తొర్ర దగ్గర అరుస్తూ ఉంటుంది. మనం విన్న రామనామం వెనక ఆ అరుపు ఉందమ్మా.

శ్రీవిల్లిపుత్తూరులో ఆండాళ్ తల్లి చేతిలో చిలుకను రోజూ కొత్తగా ఆకులతోనే చేస్తారు. తల్లికి అది చాలింది, మనకెందుకు చాలదో!

కొంతమంది పుణ్యమని చిలుకల్ని కొని కృష్ణ ఒడ్డున ఎగరేస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. మీరిచ్చిన డబ్బుతో వాడు మర్నాడు ఇంకో తొర్ర వెతుక్కుంటాడు.

అలాగని మీ చిలుకను రేపే కిటికీలోంచి వదిలేయకండి. కత్తిరించిన ఈక రాలి కొత్తది రావడానికి నెలలు పడుతుంది. అందాకా పెద్ద ఆవరణలో తోటి చిలుకల మధ్య ఉంచి ఎగరడం అలవాటు చేయించాలి. కాకికి, డేగకు భయపడటం తెలియాలి. మనిషి భుజం మీద వాలే చిలుకను బయట వదిలితే ఇంకో పంజరానికే వెళ్తుంది. కొన్ని ఎన్నాళ్లున్నా అడవికి పనికిరావు, వాటిని చివరిదాకా సంరక్షణలోనే పోషించాలి. ఇది తెలిసినవాళ్లు చేయాల్సిన పని. అటవీశాఖ వాళ్లకు అప్పగించండి.

బాధగా ఉంటుంది, కాదనను. నాలుగేళ్లు బిడ్డలా చూసుకున్నారు. తీసుకెళ్లేటప్పుడు బెదరకుండా పంజరం మీద పల్చటి నూలుబట్ట కప్పండి. అది రోజూ ఏం తింటుందో, జామపండు ఇష్టమో కాదో, అక్కడివాళ్లకు చెప్పి రండి.