పక్కమచ్చలు

“కళ్ళెక్కడ పెట్టుకున్నావ్?” అని తిట్టేస్తాం. ఆ తిట్టు వెనక ఒక నమ్మకం ఉంది: ఎదురుగా ఉన్నది కనబడలేదంటే తప్పు చూసేవాడిదే. ఆ నమ్మకం సగమే నిజమని నాకనిపిస్తుంది.

1993లో ఊరి పొలాట్, డోవ్ సాగి అనే శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. తెర మీద కనీకనబడని మసక చారల మచ్చ ఒకటి. దానికి అటూ ఇటూ, అదే వరసలో, స్పష్టంగా కనబడే అలాంటి మచ్చలు రెండు. అవి మరీ దగ్గరకొస్తే మధ్యది మునిగిపోయింది. కాస్త ఎడంగా జరిపితే, ఒంటరిగా ఉన్నప్పటికంటే తేలిగ్గా కనబడింది. ఇంకా దూరం జరిపితే ఆ సాయం తగ్గింది. కళ్ళు అవే, మచ్చా అదే. మారింది ఇరుగుపొరుగే.

ఆ సాయానికి ఖరీదుందని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. పక్కమచ్చలున్నప్పుడు, మధ్యలో ఏమీ లేకపోయినా “ఉంది” అనడం ఎక్కువవుతుంది. ఇక కాలం సంగతి. రాడార్ కాపలా సమస్య మీద పనిచేసిన నార్మన్ మాక్‌వర్త్ 1948లోనే చూపించాడు: డయల్ మీద ముల్లు అరుదుగా వేసే పెద్ద గెంతును, అరగంట దాటేసరికే మనుషులు వదిలేయడం ఎక్కువవుతుంది.

ఇవి చదువుతుంటే నాకు కొత్తవలస గుర్తొస్తుంది. 2023 అక్టోబర్ 29 రాత్రి, ఆ స్టేషన్ దాటాక కంటకాపల్లి–అలమండ మధ్య, పలాస పాసింజరుని వెనకనుంచి రాయగడ పాసింజరు గుద్దింది. 14 మంది పోయారు. లోపమున్న రెండు ఆటో సిగ్నళ్ళను నిబంధన పాటించకుండా దాటారని రైల్వే ప్రాథమిక విచారణ వెనక రైలు సిబ్బందిని తప్పుపట్టింది. మసకమచ్చల ప్రయోగం ఆ రాత్రిని వివరించదు. సిగ్నల్ దీపం మసకమచ్చ కాదు. కానీ “సిబ్బంది తప్పు” అని వినగానే మనలో ప్రశ్న ఆగిపోతుందే, అది నన్ను వదలదు. చెడిన సిగ్నలు కూడా ఆ చూపుకి ఇరుగుపొరుగే కదా.

అలాగైతే ఎవరికీ బాధ్యత లేనట్టేనా? కాదు. చూపు చుట్టుపక్కల మీద ఆధారపడుతుందంటే, ఆ చుట్టుపక్కలను అమర్చేవాళ్ళకీ బాధ్యత ఉంది: డ్యూటీ గంటలు వేసేవాళ్ళకి, సిగ్నళ్ళు బాగుచేయాల్సినవాళ్ళకి. చూసేవాడి వాటా మాత్రం అలాగే ఉంటుంది.

లోకో పైలట్, అసిస్టెంట్ సిగ్నల్ రంగుని ఒకరికొకరు పైకి చెప్పుకోవాలన్నది రైల్వే పద్ధతి. ఆ రెండో గొంతు కూడా పక్కమచ్చ లాంటిదే. తను చూసి పలికితే సాయం. పక్కవాడు “పచ్చ” అన్నాడని తనూ “పచ్చ” అంటే, అక్కడ చూసింది ఒక్కడే, భరోసా మాత్రం ఇద్దరిది.

నలుగురూ మెచ్చుకున్నాక కథ చదివే మనమూ, నలుగురూ దొంగన్నాక మనిషిని చూసే మనమూ ఆ రెండో సీట్లోనే ఉన్నాం. అక్కడ కూర్చున్నవాడు “నాకు కనబడలేదు” అనగలగాలి. అన్నందుకు వాణ్ణి తిట్టకుండా ఉండటం మిగతా అందరి పని.