దయకు శిక్షణ

దయ నేర్పితే వచ్చేది కాదని మనలో చాలామంది నమ్మకం. ఈతా, వడ్రంగమూ నేర్చుకోవాలి. దయ మాత్రం పుట్టుకతో ఉండాలి, లేకపోతే లేదు. ఈ నమ్మకాన్ని పరీక్షించటానికి సముద్రపుటొడ్డున చిక్కుపడ్డ జంతువుల ఉదంతం ఒకటి బాగా పనికివస్తుంది.

2016 జనవరిలో తమిళనాడులోని మణప్పాడు, తిరుచ్చెందూరు ప్రాంతపు తీరానికి 80కి పైగా పైలట్ తిమింగలాలు కొట్టుకువచ్చాయి. జాలరులు నీళ్ళలో దిగి వాటిని తిరిగి సముద్రంలోకి తోశారు. తోసినవాటిలో చాలా మళ్ళీ ఒడ్డుకే వచ్చాయి. 45 చచ్చిపోయాయి. ఆ జాలరుల దయను ఎవరూ శంకించలేరు. ఒళ్ళు పులిసేలా శ్రమపడ్డారు, కూలి అడగలేదు. అయినా వాళ్ళ దయకూ, దాని ఫలితానికీ మధ్య ఏదో లోపించింది.

ఏమిటది? ఈ తిమింగలాలు గుంపుగా బతుకుతాయి. కొన్ని ఒడ్డున పడి ఉంటే మిగతావి వాటిని వదిలిపోవు. ఒక్కొక్కదాన్నే లోతుకు తోస్తే అది తనవాళ్ళ కేకలు విని వెనక్కి వస్తుంది. అందుకని తెలిసినవాళ్ళు అన్నిటినీ పట్టి ఉంచి ఒక్కసారే వదులుతారు. ఇంతకంటె ముందు చెయ్యవలసిన పని మరొకటి ఉన్నది. నీటిలో తేలే శరీరం నేల మీద తన బరువుతో తన ఊపిరితిత్తులనే నొక్కేస్తుంది. చలినుంచి కాపాడే కొవ్వుపొర గట్టు మీద ఒంటి వేడిని బయటికి పోనివ్వక చంపుతుంది. కనక దాన్ని పొట్టమీద నిలిపి ఉంచాలి, రెక్కల కింద ఇసక తవ్వాలి, తడిబట్టలు కప్పాలి, నెత్తిమీదున్న ముక్కురంధ్రాన్ని మాత్రం కప్పకూడదు. తోక పట్టుకు ఈడ్వనేకూడదు. జాలి ముంచుకొచ్చినవాడు మొట్టమొదట పట్టుకునేది తోకనే.

ఈ పని నేర్పే సంఘాలున్నాయి. న్యూజిలాండ్‌లో ప్రాజెక్ట్ జోనా 1974లో ఏర్పడింది. బ్రిటన్‌లో 1988లో సీళ్ళకు అంటురోగం వచ్చి వేలకు వేలు చచ్చినప్పుడు సముద్రంలో మునకలు వేసే డైవర్లు ఒక సంఘం పెట్టుకున్నారు. గాలీ నీళ్ళూ నింపిన నిలువెత్తు రబ్బరు తిమింగలాలతో వీళ్ళు మామూలు జనానికి తరగతులు నడుపుతారు. అక్కడ చెప్పే మొదటి పాఠం, ముట్టుకోవద్దని. ఇసకలో ఒంటరిగా పడి ఉన్న సీలుపిల్ల అనాథే కానక్కరలేదు. తల్లి సముద్రంలోకి పోయి ఉండవచ్చు, పిల్ల విశ్రాంతి తీసుకుంటూ ఉండవచ్చు. జాలిపడి ఎత్తుకుపోయినవాడు దాన్ని నిజంగానే అనాథను చేస్తాడు. ఇంకా కష్టమైన పాఠం మరొకటి: బతకనిదాన్ని సముద్రంలోకి తొయ్యటమంటే దాని చావును మన కళ్ళకు దూరంగా పొడిగించటమే. అటువంటిదానికి పశువైద్యుడు ప్రాణం తీసే సూది వేస్తే పక్కన నిలబడగలగాలి.

దీన్ని దయ అనవచ్చునా? కాంట్ దృష్టిలో జంతువు పట్ల మనకు నేరుగా కర్తవ్యం లేదు. దాన్ని హింసించేవాడు మనుషుల పట్ల కూడా కఠినుడవుతాడు గనక హింస కూడదన్నాడు. మనం ఆచరించే జీవకారుణ్యం మరో దారిన అక్కడికే చేరుతుంది. చీమలకు చక్కెర చల్లితే పుణ్యం చల్లినవాడిది. చీమలు ఏమైనాయో ఎవరూ తిరిగి చూడరు. రెండుచోట్లా జంతువు ఒక సాకు, అసలు విషయం మన ఆత్మశుద్ధి. సీలుపిల్లను ఎత్తుకోకుండా దూరాన కూచుని గంటల తరబడి కాపలా కాసేవాడికి ఈ రెండింటిలోనూ చోటు లేదు. చూసేవాళ్ళకు అతను కఠినుడు. కాని ఆ పిల్లకేం కావాలో కనుక్కున్నవాడు అతనే.

మణప్పాడు జాలరి ఎందుకు కనుక్కోలేకపోయాడు? 1973 జనవరిలో అదే తీరాన 147 తిమింగలాలు ఒడ్డునపడ్డాయి. శాస్త్రజ్ఞులు లెక్కపెట్టారు, వ్యాసం అచ్చయింది. 43 ఏళ్ళ తరవాత జాలరి దగ్గిర ఉన్నవి చేతులూ, తాళ్ళూ, పడవలూ. జ్ఞానం కూడా ఆస్తి లాగే పంపిణీ అవుతుంది. దయ లోపమని మనం అనేది తరచు ఈ పంపిణీలో లోపమే.

మనుషులకే దిక్కులేని దేశంలో తిమింగలాలకు శుశ్రూషా అని మిత్రులు ఎత్తిపొడవవచ్చు. తేలిగ్గా కొట్టిపారెయ్యవలసిన మాట కాదు. అయితే దీని జవాబుకు తమిళ తీరందాకా పోనక్కరలేదు. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన తీరాన ఏటా చలికాలం చివర గుడ్లు పెట్టవచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు చచ్చి ఒడ్డుకు వస్తూనే ఉన్నాయి. తాబేలు పైకి వచ్చి ఊపిరి పీల్చుకోవాలి. మరబోటు ఈడ్చే ట్రాల్ వలలో పడితే ఆ వీలుండదు. వల గొంతులో ఇనపచట్రం బిగించి తాబేలు తప్పించుకుపోయే దారి పెట్టవచ్చు. కొచ్చిలోని కేంద్ర మత్స్యసాంకేతిక సంస్థ మన వలలకు తగినదాన్ని తయారుచేసింది కూడా. దానితోపాటు కొంత రొయ్యా చేపా పోతుందని బోటువాళ్ళ అభ్యంతరం.

ఈ చట్రం లేకుండా పట్టిన రొయ్యను కొనమని అమెరికా అంటే, ఇండియా, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేశాయి. ఆశయం మంచిదే గాని అమలులో వివక్ష ఉన్నదని 1998లో తీర్పు వచ్చింది. 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యను నిషేధించింది. రొయ్య తినేవాడి అంతరాత్మ శుభ్రపడింది. ఖర్చు మాత్రం సముద్రం దాటి వచ్చి వల లాగేవాడి మీద పడింది.

ఇంతకూ వలలో పడ్డ తాబేలు చచ్చినట్టు కనిపించినా చచ్చి ఉండకపోవచ్చు. నీడలో పొట్టమీద పడుకోబెట్టి, వెనకభాగం కాస్త ఎత్తులో ఉంచి, ఒళ్ళు తడుపుతూ నాలుగు గంటల నుంచి ఒక రోజు దాకా చూస్తే తేరుకోవచ్చు. ఇది కళాసీకి పది నిమిషాలలో నేర్పవచ్చు. అయితే సుమారు 40 కిలోల జంతువు చేపలు పొయ్యవలసిన చోట అన్ని గంటలు పడి ఉంటుంది, సరంగు తిడతాడు, వేటలో తగ్గినదాన్ని యజమాని వాటాలో కోస్తాడు. కళాసీ దాన్ని నీళ్ళలోకి గిరాటు వేస్తాడు. స్పృహలేని తాబేలు మునిగిపోతుంది. మర్నాడు ఒడ్డున దాన్ని చూసి, కళాసీకి దయలేదని మనం వ్యాసాలు రాస్తాం.

అటువంటి తరగతి మన రేవులలో పెట్టినప్పుడు కళాసీని ఒక్కణ్ణీ పిలిస్తే చాలదు. బోటు యజమానినీ, రొయ్య ఎగుమతిచేసే వ్యాపారినీ ముందు వరసలో కూచోబెట్టాలి. తాబేలు కోసం పోయిన గంటలకు కూలి ఎవరిస్తారో, చట్రంలోంచి పోయిన రొయ్యకు నష్టం ఎవరు భరిస్తారో ఆ తరగతిలోనే తేలాలి.