పొద్దు వాలకముందే



ద్వితీయోపదేశకాండము 24:14, 15 తెరచి చూడండి. బీదవాడైన కూలివాడు మనవాడైనా పరదేశియైనా, ఏ నాటి కూలి ఆ నాడే, పొద్దు వాలకముందే ఇయ్యవలెనని అక్కడున్నది. పరదేశి అన్న మాట మనకు క్రొత్త కాదు. పని వెదకుకొంటూ మోక, బళ్లారి ప్రాంతములకు వచ్చి స్థిరపడిన కుటుంబములు మనవి.

కూలి బాకీ కేసును కోర్టు కొట్టివేసినదని వినగానే, “అయితే వానికి రావలసినదేమీ లేదు” అని తేల్చివేస్తాము. అట్లు కాదు. 1994లో ఢిల్లీ నగర పాలక సంస్థ దినకూలీల విషయములో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు చూడండి. పర్మినెంటు వారితో సమానముగా జీతము లెక్కకట్టి ఇప్పించమని వారు 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టము 33సి(2) క్రింద లేబర్ కోర్టుకు వెళ్లారు. ఆ సెక్షను లెక్క కట్టుటకే గాని, హక్కు ఉన్నదా లేదా అన్న తగాదా తీర్చుటకు కాదని చెప్పి, సుప్రీం కోర్టు ఆ అర్జీలను నిలువనియ్యలేదు. వారు పని చేయలేదని మాత్రము అనలేదు.

గడువు సంగతి కూడ ఉన్నది. 1936 నాటి వేతన చెల్లింపు చట్టము క్రింద పండ్రెండు నెలలలో అడుగవలసియుండెను. 2019 వేతనాల స్మృతిలో మూడేండ్లు అని వ్రాశారు. మనవారు అంతకాలము ఎందుకు ఊరకుంటారు? యాకోబునే చూడండి. ఇరువది ఏండ్లు లాబాను యింట పనిచేశాడు, పదిమార్లు జీతము మారినది (ఆది 31:41). మేనమామ ఆయెను, ఎవరికి చెప్పుకొంటాడు? మన బాకీలూ ఇట్లే. మేస్త్రీ బంధువే, ఒకే సంఘస్థుడే, పోనీలే అనుకొంటూ గడువు దాటిపోవును.

యిర్మీయా 22:13లో కూలి ఇయ్యక మేడ కట్టించుకొన్నవాడు రాజు. అతనిని ఏ కోర్టు పిలుచును? ప్రవక్త పిలిచెను.

ఇప్పుడు కష్టమైన మాట. మనలో కూలివారు మాత్రమే గాక, మేస్త్రీలును పొలము గలవారును ఉన్నారు. మిరప కోసిన స్త్రీల కూలి, పంట అమ్మినాక చూద్దామని ఆపి, ఆదివారము కానుక వేయుట ఎట్లు? బాకీ ఉన్నదని నీ మనస్సుకు తెలిసినయెడల, కేసు కొట్టివేసిన కాగితము చేతనుంచుకొని బల్లయొద్దకు రావద్దు. మొదట ఆ యింటికి వెళ్లు.

కూలికి వెళ్లువారు ఒక నోటుపుస్తకము పెట్టుకొనండి. తేదీ, పని, ఒప్పుకొన్న కూలి, అందినది, మేస్త్రీ సంతకము. వ్రాయలేనివారికి మన యౌవనులు శనివారము సాయంత్రము గంటసేపు కూర్చుండి వ్రాసిపెట్టవలెను.