ఓడ నాయకుని యింటివారు

మన బాలాపూరునకు సముద్రము బహుదూరము. అయినను ఓడవాని కథ మన యిండ్లకును చెందినదే.

1971 డిసెంబరు 9వ తేది రాత్రి డయ్యూ తీరమునకు దూరమున ‘ఖుక్రీ’ యను మన యుద్ధనౌకను పాకిస్తాను జలాంతర్గామి ముంచివేసెను. 18 మంది అధికారులు, 176 మంది నావికులు మరణించిరి. నాయకుడైన కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఇరువది యేండ్లకు పైగా నౌకాదళమున సేవచేసినవాడు. భార్యయు, ఇద్దరు కుమార్తెలును గలవాడు. నీటిలో తేలుటకైన తన చొక్కాను ఒక నావికునికిచ్చి, తాను ఓడలోనే నిలిచెనని బ్రదికి వచ్చినవారు చెప్పిరి.

ఇది తన బిడ్డలకు అన్యాయము కాదా? ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. ప్రభుత్వము మహావీరచక్రము నిచ్చెను. గాని తండ్రి లేని లోటును ఏ పతకము తీర్చగలదు? అయితే ఆ నావికుడును ఒక తల్లి బిడ్డయే. తన బిడ్డలను ప్రేమించువాడే పరుల బిడ్డ విలువ నెరుగును.

ఆయన యిచ్చిన దానిని ఆయన యింటివారును ఇచ్చిరి. వారిని ఎవరును అడుగకయే అది వారియొద్దనుండి పోయెను. కాబట్టి చనిపోయిన వీరుని పొగడి ఊరకుండకుడి. మీ ఊరిలో అట్టి యిల్లున్నయెడల, వెళ్లి తలుపు తట్టుడి. పిల్లల చదువు సంగతి విచారించుడి. అదియే నిజమైన జ్ఞాపకము.